తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టులకు ఏ ఆయిల్ వాడాలి?

మీ నాన్నగారి రోటావేటర్ రెండేళ్ళు చెట్టు కింద వానకు తడుస్తూ ఉండిపోయిందనీ, బ్లేడ్ల బోల్టులు ఒక్కటి కూడా కదలడం లేదనీ, డబ్ల్యూడీ-40 కొట్టి పది నిమిషాలు ఆగి పానాకు పైపు తొడిగి లాగితే పక్క గేర్‌కేసు మూతకున్న బోల్టు తల తెగి చేతికొచ్చిందనీ రాశారు. అంతకంటే గట్టిగా పనిచేసే ఆయిల్ ఏదైనా ఉందా అని అడిగారు. భీమవరం దగ్గర నేను ఇరవై రెండేళ్ళుగా వ్యవసాయ పనిముట్లు, రొయ్యల చెరువుల ఏరియేటర్లు మరమ్మతు చేసే షెడ్డు నడుపుతున్నాను. ఉప్పుగాలి, ఉప్పునీరు, దమ్ము బురద మూడూ కలిసే ప్రాంతం కావడం వల్ల పట్టేసిన బోల్టు ఎదురుకాని రోజు మాకు ఉండదు. మీరు వాడినదానికంటే మంచి ఆయిల్స్ ఉన్నాయి. అయితే మీ బోల్టు తెగడానికి కారణం ఆయిల్ కాదు, ఆ పది నిమిషాలు.

ఇనుము తుప్పుగా మారినప్పుడు, తుప్పు రకాన్ని బట్టి, అది పోగొట్టుకున్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరలకూ బోల్టు మరలకూ మధ్య ఉండేదే అతి సన్నని సందు కాబట్టి, అక్కడ ఉబ్బిన తుప్పు మేకు కొట్టినట్టు రెండింటినీ బిగించేస్తుంది. ఆ తుప్పును కరిగించే శక్తి ఈ ఆయిల్స్‌లో దాదాపు ఏదానికీ లేదు. దీపం వత్తిలో నూనె పైకి పాకినట్టు, తుప్పు పొరల్లోని సన్నని పగుళ్ళ వెంట పాకి, అక్కడ జారుడు కలిగించడం ఒక్కటే అవి చేసే పని. అందుకని అలాంటి ఆయిల్ బాగా పలుచగా ఉండాలి, లోహాన్ని వెంటనే తడపాలి, పలుచదనం కోసం కలిపిన ద్రావకం ఆవిరైపోయాక కూడా లోపల కొంత జిడ్డు మిగలాలి. కాలిన ఇంజన్ ఆయిల్ పోసి వారం ఉంచానని చెప్పేవాళ్ళు మా షెడ్డుకు చాలామందే వస్తారు. ఆ చిక్కటి ఆయిల్ బోల్టు తల చుట్టూ ఉండిపోతుంది తప్ప మరల్లోకి దిగదు.

డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఆ డబ్బా పేరే ఆయిల్ పేరుగా మారిపోయింది. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ దీన్ని తయారుచేసింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు నీరు అంటి తుప్పు పట్టకుండా చూడటం దాని అసలు ఉద్దేశం. ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, 40వ ఫార్ములా’ అన్నదే ఆ పేరుకు అర్థం. అంటే ప్రధానంగా నీటిని తోసేయడానికి పుట్టిన సరుకు అది. తలుపు బందులకు, తడిసిన స్పార్క్ ప్లగ్ వైర్లకు, పైపైన తుప్పు పట్టిన చిన్న నట్లకు చక్కగా పనిచేస్తుంది. రెండేళ్ళు నానిన 12 మి.మీ. బోల్టుకు మాత్రం సరిపోదు. అదే కంపెనీ ఇప్పుడు తుప్పు వదిలించే పెనెట్రెంట్‌ను ఇంకో డబ్బాలో విడిగా అమ్ముతోంది; మామూలు డబ్బాయే ఆ పనంతా చేయగలిగితే రెండో డబ్బా అవసరం వాళ్ళకు ఉండేది కాదు.

కొనేటప్పుడు డబ్బా మీద ‘పెనెట్రెంట్’ లేదా ‘పెనెట్రేటింగ్ ఆయిల్’ అన్న మాట ఉందో లేదో చూడండి. వర్త్ కంపెనీ రోస్ట్ ఆఫ్, లిక్విడ్ రెంచ్ లాంటివి ఆ కోవలోవి. కొన్నింటిలో మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి పొడి కలిపి ఉంటుంది. ద్రావకం ఆవిరైనా ఆ పొడి మరల మధ్య నిలిచి జారుడు ఇస్తుంది కాబట్టి పెద్ద బోల్టులకు నేను దానికే మొగ్గు చూపుతాను, బట్టలకు అంటిన మరక మాత్రం వదలదు. ‘రస్ట్ రిమూవర్’ అని రాసి ఉన్న సీసా వేరే సంగతి. అందులో ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది పెయింటు వేసే ముందు పైతుప్పును శుభ్రం చేయడానికి. హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

డబ్బా కొనకుండా పని జరగాలంటే పవర్ స్టీరింగులోనూ ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లోనూ పోసే ఏటీఎఫ్ ఆయిల్‌నూ ఎసిటోన్‌నూ సమపాళ్ళలో కలిపి వాడుకోవచ్చు. మా షెడ్డులో ఎక్కువగా వాడేది ఇదే, డబ్బా స్ప్రేలకు ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. ఈ రెండూ నూనె, నీళ్ళలాగా విడిపోతాయి కాబట్టి పోసే ప్రతిసారీ బాగా కుదపాలి. ఎసిటోన్ పెయింటునూ రబ్బరు వాషర్లనూ కొన్ని రకాల ప్లాస్టిక్‌నూ పాడుచేస్తుంది. దానికి పెట్రోలులాగే చటుక్కున అంటుకునే గుణం ఉంది. అందుకని మూత బిగుతుగా పట్టే రేకు ఆయిల్ క్యాన్‌లో, ఆ రోజుకు సరిపడా మాత్రమే కలుపుకోవాలి. ఎసిటోన్ దొరకకపోతే దాని బదులు డీజిల్ కలిపినా పనిచేస్తుంది, కాకపోతే ఇంకో రోజు ఎక్కువ ఆగాలి. మా మేస్త్రి కాలంలో అన్నిటికీ కిరసనాయిలే మందు. అది బాగానే పాకుతుంది గానీ వెనుక జిడ్డు మిగల్చదు.

ఏది పోసినా, పోసే విధానం అంతకంటే ముఖ్యం. ముందు వైరు బ్రష్‌తో మట్టి, పెయింటు, పైన రేగిన తుప్పు గీకేయాలి, ఎందుకంటే మన రేగడి మట్టి ఎండి మరల అంచును మూసేస్తే ఏ ఆయిల్ కూడా లోపలికి పోదు. వీలైతే పనిముట్టును తిప్పి, నట్టు పైవైపుకు వచ్చేలా పెట్టి, ఆయిల్ దానంతట అది దిగేలా చూడాలి. పోసిన తరువాత బోల్టు తల మీద సుత్తితో నిటారుగా పది పదిహేను దెబ్బలు వేయాలి, అవి బోల్టును విరిచేవి కాకుండా తుప్పును అదరగొట్టేవిగా ఉండాలి. ఆ అదురుకు తుప్పు పొరలో కొత్త పగుళ్ళు పడతాయి, ఆయిల్‌కు దారి దొరుకుతుంది. ఉదయం, సాయంత్రం ఇలా పోసి కొడుతూ రెండు మూడు రోజులు గడిపితే, మొదటి రోజు పైపు తొడిగినా కదలని నట్టు మామూలు పానాకే లొంగడం నాకు కొత్త కాదు.

విప్పేటప్పుడు నోరు తెరిచి ఉండే డి పానా వద్దు. ఆరు మూలల సాకెట్ గానీ బాగున్న రింగు పానా గానీ వాడండి. మొదట బిగించే వైపు కొద్దిగా నెట్టి, ఆ తరువాత విప్పే వైపు లాగాలి. కీచుమని చప్పుడు వచ్చి పిసరంత కదిలిందంటే తుప్పు తెగినట్టే, అక్కడితో ఆపి మళ్ళీ ఆయిల్ పోసి, పావు చుట్టు విప్పి ఎనిమిదో వంతు వెనక్కి బిగిస్తూ రావాలి. అలా కాకుండా చప్పుడేమీ లేకుండా, చేతికి రబ్బరు సాగుతున్నట్టు మెత్తగా తగిలితే అది నట్టు కదలడం కాదు, బోల్టు మెలితిరగడం. ఆ క్షణంలో చెయ్యి ఆపినవాడికి బోల్టు మిగులుతుంది. పైపు తొడిగితే ఈ స్పర్శ తెలియదు, మీకు జరిగింది బహుశా అదే.

ఓపిక విలువ నాకు నేర్పింది మా సొంత పొలంలోని 5 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. పొగగొట్టంలోంచి వాననీరు దిగి పిస్టన్ సిలిండర్‌కు పట్టేసింది. పిస్టన్ పైన దుంగ పెట్టి సమ్మెట దెబ్బలు వేద్దామని ఇంట్లో అందరూ తొందరపెట్టారు. నేను ఇంజెక్టర్ విప్పి ఆ రంధ్రంలోంచి డీజిల్, ఏటీఎఫ్ సగం సగం కలిపి పోశాను. రోజూ పుల్ల దింపి మట్టం చూసేవాడిని. మూడు రోజులు అంగుళం కూడా తగ్గలేదు. నాలుగో రోజు నుంచి తగ్గడం మొదలైంది, అంటే ఆయిల్ రింగుల పక్కనుంచి కిందికి పోతోందన్నమాట. తొమ్మిదో రోజు ఫ్లైవీల్ బొటనవేలి వెడల్పు కదిలింది. ముందుకూ వెనక్కూ ఊపుతూ సాయంత్రానికి పూర్తిగా తిప్పగలిగాను. ఇలా చేసేవారు రెండు జాగ్రత్తలు మరచిపోకూడదు. పోసిన డీజిల్ కింద ఛాంబరులోని ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది కాబట్టి ఆ ఆయిల్ మార్చకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. పైన మిగిలిన ద్రవం బయటికి పోయేదాకా ఇంజెక్టర్ బిగించకుండా చేత్తోనే తిప్పాలి, లేకపోతే నలగని ద్రవం మీద పిస్టన్ ఒత్తి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

పట్టేసిన ప్రతిదీ తుప్పువల్లే పట్టేయదని తెలుసుకోవడానికి నాకు కొంత డబ్బు ఖర్చయింది. ఒక రొయ్యల రైతు ఏరియేటర్ షాఫ్ట్ కప్లింగ్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు వేసి ఉన్నాయి. తుప్పు చుక్క కూడా లేదు, అయినా నట్లు కదలలేదు. రోజంతా ఆయిల్ పోసి, చివరకు రెండు బోల్టులు తెంపి, కప్లింగ్ నా ఖర్చుతో కొనిచ్చాను. స్టెయిన్‌లెస్ మీద ఉండే సన్నని రక్షణ పొర బిగించేటప్పుడు రాపిడికి చెరిగిపోతే, లోపలి లోహాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎయిర్ గన్‌తో వేగంగా బిగిస్తే ఇది మరీ ఎక్కువ. అక్కడ తుప్పే లేదు కాబట్టి పెనెట్రెంట్‌కు పనే లేదు, నట్టు కోసి తీయడమే దారి. అప్పటినుంచి స్టెయిన్‌లెస్ బోల్టుకు యాంటీ సీజ్ పేస్టు రాయకుండా నేను బిగించను. అలాగే ఎర్ర థ్రెడ్‌లాకర్ జిగురు వేసి బిగించిన బోల్టు ఆయిల్‌కు వదలదు, సుమారు 250 డిగ్రీల వేడి తగిలితే ఆ జిగురే మెత్తబడుతుంది. అల్యూమినియంలో ఉక్కు బోల్టు పట్టేస్తే తెల్లటి పొడి కనిపిస్తుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, అక్కడ కూడా ఆయిల్ కంటే వేడి నయం.

ఉక్కు నట్టుకు కూడా వేడి మంచి సాయమే. 12 మి.మీ. నట్టును బోల్టు కంటే 300 డిగ్రీలు ఎక్కువగా వేడిచేస్తే దాని రంధ్రం 0.04 మి.మీ. మేర పెద్దదవుతుంది. వినడానికి చిన్నదే అయినా తుప్పు పట్టు సడలడానికి అది చాలు. అయితే ఆయిల్ కొట్టిన వెంటనే గ్యాస్ మంట పెట్టకూడదు, ఎసిటోన్ మిశ్రమం వాడిన చోట అసలే పెట్టకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుమును వేడిచేస్తే ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువు పుట్టగలదు. మంట వాడాలనుకుంటే ముందు మంట, తరువాత ఆయిల్. నట్టు చల్లబడుతూ చేతికి వెచ్చగా తగిలే స్థితికి వచ్చాక పోస్తే లోపలికి బాగా లాక్కుంటుంది. ఎర్రగా కాల్చిన బోల్టు బలం తగ్గుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ వాడవద్దు.

ఇక మీ రోటావేటర్ సంగతి. ఆరడుగులదైతే సాధారణంగా 42 బ్లేడ్లు, ఒక్కోదానికి రెండేసి చొప్పున 84 బోల్టులు ఉంటాయి. వాటి మీద ఆయిల్, రోజులు ఖర్చు పెట్టడం దండగ. అరిగిన బ్లేడ్లు ఎలాగూ మారుస్తారు, కొత్త బ్లేడ్లకు కొత్త బోల్టులే వేయాలి, కాబట్టి గ్రైండర్‌తో నట్లు కోసేయండి, బ్లేడ్లు బిగించే ఫ్లాంజ్ రేకుకు గీత పడకుండా చూసుకుంటే చాలు. ఓపికంతా గేర్‌కేసు బోల్టుల మీద పెట్టండి, అక్కడ మరలు పోత ఇనుములో ఉన్నాయి, చెడితే బోల్టు ఖర్చుతో పోదు. మిగిలినవాటికి పైన చెప్పినట్టు మూడు రోజులు ఆయిల్ పోయండి. పక్కనే ఆయిల్ సీలు ఉన్న చోట మాత్రం మంట దగ్గరికి తీసుకెళ్ళవద్దు. తల తెగిన బోల్టు కొంచెమైనా బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి మధ్యలో వెల్డింగ్ చేయించండి. ఆ వేడే తుప్పును సడలిస్తుంది, చల్లారనిచ్చి, ఆయిల్ పోసి, ఆ నట్టుతోనే ముందుకూ వెనక్కూ ఊపుతూ తీయవచ్చు. వెల్డింగ్ చేసేవారితో ఎర్త్ క్లాంపును గేర్‌కేసుకే, విరిగిన బోల్టు పక్కనే పెట్టించండి. దాన్ని తీసుకెళ్ళి బ్లేడ్ల షాఫ్ట్‌కు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి గుళ్ళ మీద గుంటలు పడతాయి.