బయల్దేరాక చేయలేని పనులు ముందు చేయించండి

మీ టీమ్‌లో చేరడానికి వేరే దేశం నుంచి ఒకావిడ రెండు నెలల్లో వస్తున్నారని, ఏ విధంగా సాయపడాలో తెలియట్లేదని అడిగారు. ఆరేళ్ల కిందట నేనూ అలాగే వెళ్లాను. ఆ తర్వాత మా ఆఫీసుకి కొత్తగా వచ్చిన నలుగురికి దగ్గరుండి సాయం చేశాను.

మొట్టమొదట, వీసా చేతికి వచ్చేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి. చేరే తేదీ అవసరమైతే జరుపుతామని మీరే ముందు భరోసా ఇవ్వండి. కొత్తవాళ్లు ఆ మాట నోరు తెరిచి అడగలేరు.

సామాను సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. తన దేశంలో ఉండగానే అయ్యే పనులు ఏవేవో ఆవిడతో కూర్చుని ఒక కాగితం మీద రాయించండి. డిగ్రీ, పెళ్లి, పిల్లల పుట్టినతేదీ సర్టిఫికెట్లు వీటిలో ముఖ్యం. ఇవి అక్కడ చెల్లాలంటే, విదేశీ కాగితాల గుర్తింపు కోసం 1961లో కుదిరిన హేగ్ ఒప్పందం రెండు దేశాల మధ్యా అమల్లో ఉంటే అపొస్టిల్ (కాగితం మీద సంతకం, ముద్ర నిజమైనవేనని అది ఇచ్చిన దేశం ఇచ్చే ధ్రువీకరణ) ఒకటి సరిపోతుంది. లేకపోతే ఎంబసీ అటెస్టేషన్ (వెళ్లే దేశపు ఎంబసీ వేసే ధ్రువీకరణ) దాకా వెళ్లాలి, దానికి ఇంకా టైం పడుతుంది. ఈ రెండిట్లో ఏదైనా సరే, సర్టిఫికెట్ ఇచ్చిన దేశంలోనే చేయించాలి. మా పెళ్లి సర్టిఫికెట్‌లో మా ఆవిడ పేరు పాస్‌పోర్టులో కంటే ఒక అక్షరం తేడాగా ఉంది. నేను వెళ్లాక అది బయటపడింది. అక్కడినుంచి దాన్ని సరిచేయించేసరికి తను రావడం మూడు నెలలు ఆలస్యమైంది. అందుకే అన్ని కాగితాల్లో పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూడమనండి. కారు నడపాలనుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి.

పాత ఫోన్ నంబరు మాత్రం వదులుకోవద్దనండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఆ సిమ్ ఆగిపోతే సొంత డబ్బు కూడా చేతికి రాదు.

నన్ను అన్నిటికంటే ఏడిపించింది మొదటి నెల. బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఆయన నా పాస్‌పోర్టు తిప్పి చూసి, ఇంటి అడ్రస్ ప్రూఫ్ ఏదని అడిగి వెనక్కి ఇచ్చేశాడు. ఇల్లు చూపించినాయనేమో లోకల్ బ్యాంకు ఖాతా లేనిదే అగ్రిమెంట్ రాయనన్నాడు. ఖాతా లేక జీతం ఆగిపోయింది. ఫైలు చంకలో పెట్టుకుని రోడ్డు మీద నిలబడి, ఇప్పుడు ఎవరిని అడగాలో తెలియక చాలాసేపు అలాగే ఉండిపోయాను. చివరికి హెచ్‌ఆర్ ఇచ్చిన ఒక్క పేజీ లెటర్‌తో ఆ బ్యాంకులో పని అయింది. అందులో నా ఉద్యోగం, జీతం, తాత్కాలికంగా ఉంటున్న చోటు, అంతే రాశారు. ఆ లెటర్ ఏ బ్యాంకు ఒప్పుకుంటుందో ముందే కనుక్కుని, ఆవిడ దిగేసరికి సిద్ధంగా ఉంచండి. మొదటి నాలుగు వారాలు ఉండటానికి కంపెనీయే చోటు చూపించేలా చేయండి. ఖర్చులు పెట్టుకుంటే తర్వాత ఇస్తాం అనడం కంటే అడ్వాన్స్ ఇప్పించడం వెయ్యి రెట్లు నయం.

రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీలో జెనరిక్ పేరు (బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు) రాయించి, అవి అక్కడికి తీసుకెళ్లొచ్చో లేదో ముందే చూసుకోమనండి. కొన్ని మందులు కొన్ని దేశాల్లో నిషేధం.

కుటుంబం కూడా వస్తోందా అని మొదటి ఫోన్‌లోనే అడగండి. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయొచ్చా లేదా అన్నది దేశాన్నిబట్టి, వీసా రకాన్నిబట్టి మారుతుంది. ఆవిడ భర్త తన ఉద్యోగం మానేయకముందే వాళ్లిద్దరికీ ఆ సంగతి తెలియాలి.