ఖాళీగా ఉన్న కంప్యూటర్ కంపెనీ సర్వర్‌కి ఏం పంపుతుంది?
ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా నెట్ వాడకం కనిపిస్తే అది గూఢచర్యమే అనుకోనక్కర్లేదు. అప్‌డేట్ ఉందా అని అడగడం, గడియారం సరిచూసుకోవడం సిస్టమ్‌కి అవసరమే. కానీ అవసరమైన పనిలోనూ సమాచారం బయటికి పోతుంది. 2020 నవంబర్‌లో యాపిల్ సర్వర్ ఒకటి మొరాయించగానే చాలా మ్యాక్‌లలో యాప్‌లు తెరుచుకోలేదు. యాప్ తెరిచేటప్పుడు దాని డెవలపర్ సర్టిఫికెట్ (యాప్ తయారుచేసినవాళ్ల డిజిటల్ గుర్తింపు పత్రం) చెల్లుతుందా అని మ్యాక్ ఆ సర్వర్‌ని అడుగుతుందని, అదీ అప్పట్లో ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేకుండా మార్చి పంపడం) లేకుండానే అని, చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ ప్రశ్నతో పాటు వచ్చే ఐపీ అడ్రస్‌లు (నెట్‌లో కంప్యూటర్ చిరునామాలు) ఇక నమోదు చేసుకోబోమని యాపిల్ ప్రకటించాల్సి వచ్చింది.

అసలు పేచీ టెలిమెట్రీతోనే, అంటే కంప్యూటర్ తన పనితీరు, వాడకం వివరాల్ని తనంతట తానే కంపెనీకి పంపడంతోనే. విండోస్‌లో దాన్ని డయాగ్నస్టిక్ డేటా అంటారు. విండోస్ 11లో 'ఆప్షనల్' డయాగ్నస్టిక్ డేటాని సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. 'రిక్వైర్డ్' అన్నదానికి మాత్రం హోమ్, ప్రో ఎడిషన్లలో అక్కడ స్విచ్ ఉండదు. డబ్బు కట్టి కొన్నవాళ్లకి ఆ మాత్రం హక్కు ఇవ్వకపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. పోయేదేమిటో డయాగ్నస్టిక్ డేటా వ్యూయర్‌లో చూసుకోవచ్చు. రౌటర్‌లో చూస్తే ఎక్కడికి పోతోందో తెలుస్తుంది తప్ప, ఎన్‌క్రిప్షన్ వల్ల ఏం పోతోందో తెలియదు.

లైనక్స్ అయితే నిశ్చింత అనుకునేవాళ్లకి ఒక మాట: 2012లో వచ్చిన ఉబుంటు 12.10 (లైనక్స్‌లో ఒక రకం), సొంత కంప్యూటర్‌లో వెతికిన మాటల్ని కూడా కంపెనీ సర్వర్ మీదుగా అమెజాన్ దాకా పంపేది. తర్వాత 16.04 వెర్షన్‌లో దాన్ని డీఫాల్ట్‌గా ఆపేశారు.