టెక్ సందేహాలు: గిట్ విజువలైజర్ ఖాళీగా ఎందుకు కనిపిస్తోంది?

సందేహం: గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) చరిత్రను బొమ్మగా చూపే గిట్‌కేలో కమిట్లు (ఒక్కో దశలో దాచిన ప్రాజెక్టు స్థితి), బ్రాంచిలు బాగానే కనిపిస్తున్నాయి. బ్లాబ్‌లు (ఫైళ్లలోని పాఠం), ట్రీలు (ఫైలు పేర్ల జాబితాలు) కూడా చూద్దామని ఓ విజువలైజర్ వేసుకున్నాను. ఆఫీసు ప్రాజెక్టు క్లోన్ (దించుకున్న నకలు) మీద అది ఖాళీ తెర చూపిస్తోంది. హార్డ్ రీసెట్ కొట్టి పాత కమిట్‌కు వెళ్లాక పోయిన కమిట్‌ను కూడా చూడొచ్చా?

జవాబు: రిపాజిటరీకి ఏమీ కాలేదు. కమిట్, ట్రీ, బ్లాబ్ లాంటి ఆబ్జెక్టులను విడి ఫైళ్లుగా ఉంటేనే చదివే టూల్స్‌తో వచ్చే తంటా ఇది. క్లోన్ చేస్తే ఆబ్జెక్టులన్నీ ప్యాక్ ఫైలులో (అన్నిటినీ కుదించి కట్టిన మూట) వచ్చి పడతాయి. గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్‌కు '-వీ' తగిలించి చూడండి. 'కౌంట్' (విడి ఆబ్జెక్టులు) సున్నా, 'ఇన్-ప్యాక్' (ప్యాక్‌లోవి) వేలల్లో ఉంటే సంగతి అదే. ఆ ప్యాక్‌ను గిట్ అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్‌తో విప్పొచ్చు. అయితే ముందు ప్యాక్ ఫైలును డాట్‌గిట్ ఫోల్డర్ బయటికి జరపాలి, లేకుంటే ఆ ఆబ్జెక్టులు ఇప్పటికే ఉన్నాయనుకుని గిట్ ఏమీ రాయదు. ఇదంతా కాపీ మీదే చేయండి.

నిజానికి అంత ప్రాజెక్టును గీస్తే వచ్చేది గీతల గందరగోళమే. కొత్త ఫోల్డర్‌లో గిట్ ఇనిట్ కొట్టి, ఒకే పాఠం ఉన్న రెండు ఫైళ్లను కమిట్ చేయండి. కౌంట్ 3 వస్తుంది: కమిట్, ట్రీ, బ్లాబ్ ఒక్కోటి. ఫైళ్లు రెండైనా బ్లాబ్ ఒక్కటే! ఒక ఫైలు పేరు మార్చి మళ్లీ కమిట్ చేస్తే 5 అవుతుంది; ట్రీ, కమిట్ కొత్తవి, బ్లాబ్ పాతదే. ఇక్కడ మీ విజువలైజర్ చక్కగా పనిచేస్తుంది.

ప్యాక్‌తో నిమిత్తం లేకుండా కావాలంటే గిట్ క్యాట్-ఫైల్‌కు '--బ్యాచ్-చెక్', '--బ్యాచ్-ఆల్-ఆబ్జెక్ట్స్' ఇవ్వండి. ప్రతి ఆబ్జెక్టు హ్యాష్ (దాని గుర్తింపు కోడ్), రకం, సైజు వరసగా వస్తాయి. ఒక్కోదాన్నీ 'క్యాట్-ఫైల్ -పీ'తో తెరిచి, అందులో కనిపించే హ్యాష్‌లకు బాణాలు రాసే చిన్న స్క్రిప్ట్ చాలు, బొమ్మ గ్రాఫ్‌విజ్ (గ్రాఫులు గీసే టూల్) గీస్తుంది.

పోయిన కమిట్ కోసం గిట్ లాగ్‌కు '--గ్రాఫ్', '--వన్‌లైన్', '--రీఫ్లాగ్' పెట్టండి. రీఫ్లాగ్ అంటే బ్రాంచిలు ఇంతకుముందు ఏ కమిట్ల మీద ఉండేవో గిట్ రాసుకునే చిట్టా. '--ఆల్' ఆ కమిట్‌ను చూపదు. హ్యాష్ దొరకగానే దానిపై బ్రాంచి పెట్టేయండి; ఇలాంటి రీఫ్లాగ్ ఎంట్రీలకు డిఫాల్ట్ గడువు 30 రోజులే. రిపాజిటరీని తనిఖీ చేసే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే కూడా రీఫ్లాగ్‌లో ఉన్నవాటిని 'డాంగ్లింగ్' (దేనికీ అతకనివి) అనదు, '--నో-రీఫ్లాగ్స్' చేర్చాలి. కమిట్ చేయకపోయినా గిట్ యాడ్ చేసి ఉంటే ఎఫ్‌ఎస్‌సీకే '--లాస్ట్-ఫౌండ్'తో బ్లాబ్ దొరికే అవకాశం ఉంది, ఫైలు పేరు మాత్రం రాదు. యాడ్ కూడా చేయని మార్పులు గిట్‌లోకి ఎప్పుడూ చేరలేదు కాబట్టి, వాటిని ఏ విజువలైజరూ చూపలేదు.