ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ మధ్యలో ఆగడం లోపమా?

జన్యువును చదివి దాని ఆర్‌ఎన్‌ఏ నకలు రాసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్; అది మధ్యలో ఆగడం దాని లోపమేనా అని మీరు అడిగారు. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నప్పుడు నేను దాన్ని ఎంజైము లోపం కూడా అనుకోలేదు, నా చేతి తప్పే అనుకున్నాను.

ఈ.కోలై బాక్టీరియా పాలిమరేజ్‌తో పరీక్షనాళికలో తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏను, పొడవును బట్టి విడదీసే యూరియా జెల్‌పై నడిపితే, పూర్తి పొడవు పట్టీకి కింద మరికొన్ని పొట్టి పట్టీలు కనిపించేవి. ఇక్కడి ఉక్కపోతలో చేతి చెమట నుంచి ఆర్‌ఎన్‌ఏస్ అనే ఎంజైము చేరి ఆర్‌ఎన్‌ఏను తుంచేస్తోందని నమ్మి, నీళ్లూ బఫర్లూ అన్నీ మార్చాను. పట్టీలు ఉన్నచోటే ఉన్నాయి. అప్పుడు మా మేడం, ఆర్‌ఎన్‌ఏ కట్టే ముక్కలైన న్యూక్లియోటైడ్‌లలో ఒకటి ఇవ్వకుండా పాలిమరేజ్‌లన్నిటినీ ఒకేచోట నిలబెట్టి, మళ్లీ కొత్తగా మొదలుపెట్టకుండా హెపారిన్ కలిపి, ఆ తర్వాత అన్నిటినీ ఒకేసారి వదిలి 15, 30, 60, 120 సెకన్లకు నమూనాలు తీయమన్నారు. ఆర్‌ఎన్‌ఏ తెగిపోతుంటే పొట్టి పట్టీలు సమయంతో పెరగాలి; అవి క్రమంగా పలచబడి, పూర్తి పొడవు పట్టీ చిక్కబడింది. అంటే ఎంజైము అక్కడ కాసేపు నిలిచి, మళ్లీ కదిలింది.

ఈ నిలుపుదలకు పని ఉంది. ఈ.కోలైలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే జన్యువుల వరుస (ట్రిప్టోఫాన్ ఆపెరాన్) మొదట్లో ఆర్‌ఎన్‌ఏ హెయిర్‌పిన్‌గా ముడుచుకున్న చోట పాలిమరేజ్ ఆగి, వెనుక ఆ ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ కడుతూ వస్తున్న రైబోసోమ్ దగ్గరకు చేరేదాకా నిలుస్తుంది. అలా రెండూ జంటగా సాగడం వల్లనే, పక్కపక్కనున్న 2 ట్రిప్టోఫాన్ కోడాన్ల (ట్రిప్టోఫాన్‌ను చేర్చమనే సంకేతాల) వద్ద, ట్రిప్టోఫాన్ కొరవడితే రైబోసోమ్ పడే తడబాటు ఆపెరాన్‌ను కొనసాగించాలా వద్దా అన్నది నిర్ణయించగలుగుతోంది. జంతుకణాల్లో ఈ నియంత్రణ మరింత విస్తృతం: అనేక జన్యువుల్లో ‘పాలిమరేజ్ 2’ అనే ఎంజైము సుమారు 20 నుంచి 60 న్యూక్లియోటైడ్‌లు రాశాక డీఎస్ఐఎఫ్, ఎన్ఈఎల్ఎఫ్ అనే ప్రోటీన్ల పట్టులో ఆగి ఉంటుంది. పండు ఈగలో వేడికి స్పందించే హెచ్‌ఎస్‌పీ70 జన్యువుపై ఎంజైము ఇలా ముందే సిద్ధంగా ఉంటుంది కనుకనే వేడి తగిలిన వెంటనే పని సాగుతుంది. పీ-టీఈఎఫ్‌బీ అనే కైనేజ్ (ఫాస్ఫేట్లు తగిలించే ఎంజైము) డీఎస్ఐఎఫ్, ఎన్ఈఎల్ఎఫ్‌లకు ఫాస్ఫేట్లు తగిలించి పాలిమరేజ్‌ను విడుదల చేస్తుంది. హెచ్‌ఐవీ వైరస్ టాట్ ప్రోటీన్ తన జన్యువుల కోసం లాక్కునేది దీన్నే.

అయితే ప్రతి పొట్టి పట్టీనీ తాత్కాలిక విరామంగా లెక్కించకండి. మా జెల్‌లో ఒకటి, న్యూక్లియోటైడ్‌లను ఎక్కువ మోతాదులో కలిపినా కదలలేదు. ఎంజైము వెనక్కి జారినప్పుడు ఆర్‌ఎన్‌ఏ కొస క్రియాస్థానం (న్యూక్లియోటైడ్‌లు చేరే చోటు) దాటి బయటకు పోయి, పని పూర్తిగా స్తంభిస్తుంది. మీ జెల్‌లోనూ అలాంటి పట్టీ ఉంటే గ్రెబీ ప్రోటీన్ కలిపి చూడండి: అది ఆ కొసను కత్తిరించాక పట్టీ ముందుకు సాగితే స్తంభన, సాగకపోతే అక్కడ అనులేఖనం (ఆర్‌ఎన్‌ఏ రాయడం) ముగిసిపోయి ఉండవచ్చు.