చంటిపిల్లల ఎక్స్‌రే గురించి మా సింధూకి

సింధూ, ఎక్స్‌రే టెక్నీషియన్‌వి కదా, ఎవరో కొట్టారని అనుమానం ఉన్న చంటిపిల్లలకి ఎక్స్‌రేలు ఎలా తియ్యాలని ఫోన్లో అడిగినదానికి తీరిగ్గా రాస్తానన్నా కదా, ఇదిగో. రెండేళ్లలోపు బిడ్డని ఎవరో కొడుతున్నారని పిల్లల డాక్టరు గారికి అనుమానం వచ్చి స్కెలిటల్ సర్వే, అంటే ఒంట్లో ఎముకలన్నిటికీ ఎక్స్‌రేలు, రాస్తే, బయట లైన్ పెద్దగా ఉందని బిడ్డ మొత్తాన్ని ఒక్క ఫిల్మ్‌లో లాగించెయ్యకు. విజయవాడలో మీకు రష్ ఎలా ఉంటుందో తెలుసు, అయినా సరే. ఎక్స్‌రే బీమ్ పొట్ట మీద సెంటర్ అయిపోయి మోకాళ్లూ మణికట్లూ సరిగ్గా రావు, చూడాల్సింది ఏమో అక్కడే ఉంటుంది. కాలో చెయ్యో పట్టి గుంజితే ఎముక చివర, గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే చోటు) పక్కన చిన్న పెచ్చు లేస్తుంది, సరైన యాంగిల్ లేకపోతే కనపడదు. అందుకే చెయ్యి, ముంజేయి, తొడ, పిక్క దేనికది విడిగా తియ్యి. ఛాతీకి ఏపీ (ముందు నుంచి తీసేది) ఒక్కటే చాలదు, రెండు వైపులా ఓబ్లిక్ (ఏటవాలుగా తీసేది) కూడా, ఎందుకంటే బిడ్డ ఛాతీని రెండు చేతులతో పట్టుకుని నొక్కితే పక్కటెముకలు వెన్నుపూస దగ్గర విరుగుతాయి.

అప్పుడే విరిగిన పక్కటెముక చాలాసార్లు కనపడనే కనపడదమ్మా, రెండు వారాలయ్యాక కాలస్ (విరిగిన చోట కట్టే కొత్త ఎముక) కట్టి తెల్లగా ఉబ్బితే అప్పుడు తెలుస్తుంది. మొదటి సెట్ నార్మల్ అనగానే వదిలెయ్యకుండా రిపీట్ ఎప్పుడో రేడియాలజిస్ట్ గారిని అడిగి చీటీ మీద డేట్ రాయించు, లేకపోతే బిడ్డ తాలూకు వాళ్లు మళ్లీ రారు. తలకి సీటీ సంగతి డాక్టర్లే చూసుకుంటారు.

ఇదేం కొత్త సంగతి కాదు, 1946లోనే అమెరికాలో జాన్ క్యాఫీ అనే డాక్టరు తలలో రక్తం చేరిన పసిపిల్లల్లో కాళ్లూ చేతులూ విరిగి ఉండటం గమనించి రాశాడు.

అయితే బయట కూర్చున్న తల్లిని నేరస్థురాలిలా మాత్రం చూడకు. రికెట్స్ (విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడే జబ్బు) ఉన్నా ఎముకల చివర్లు తేడాగా ఉంటాయి, కొంతమందికి పుట్టుకతోనే ఎముకలు పెళుసు, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లాడికి మామూలుగా పడినా పిక్క ఎముకలో గీత వస్తుంది. మన పిల్లలకి నడుం మీద పుట్టుకతో ఉండే నీలం మచ్చని చూసి దెబ్బ అనుకున్నవాళ్లూ ఉన్నారు! ఇవన్నీ తేల్చేది డాక్టర్లు. నువ్వు లెఫ్ట్, రైట్ మార్కర్ ప్రతి ఫిల్మ్‌కీ పెట్టు, పేరూ టైమూ సరిచూసుకో, బిడ్డని పట్టుకోడానికి లెడ్ ఏప్రాన్ వేసి సిస్టర్‌ని పిలువు. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసు) అయితే ఇవే కోర్టుకి వెళ్తాయి.

డాక్టర్లు అడ్డంగా కొట్టిపారేసినా నీకు అనుమానం పోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి నువ్వే ఫోన్ చెయ్యొచ్చు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ ఫిల్మ్ ఫోటో పెట్టకు, పేరు చెరిపేసి అయినా వద్దు.

— పెదనాన్న, గుంటూరు