డాక్టరు చీటీ, పాట చీటీ

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. రెండెకరాల కొబ్బరి తోట, రెండు నెలలకో దింపు. నా భార్యకు మూడేళ్ళుగా లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు). మందులకు నెలకు 2,400 అవుతుంది. 50 వేల చీటీకి నెలకు 2,000 కడుతున్నాం, ఇంకా పాడుకోలేదు. చీటీ డబ్బు సర్దడానికి తను రోజు విడిచి రోజు మాత్రలు వేసుకుంటోందని మొన్ననే తెలిసింది. ఆరోగ్య బీమా చేయిస్తే మందుల ఖర్చు గట్టెక్కుతుందా?

జవాబు: ఎక్కదండీ. మామూలు పాలసీ ఆసుపత్రిలో చేరితే ఇస్తుంది గానీ నెలనెలా కొనే మాత్రలకు ఇవ్వదు. పైగా ముందునుంచీ ఉన్న జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు (2024 ఏప్రిల్‌కి ముందైతే నాలుగేళ్ళు). ఏదైనా కంపెనీ ఇస్తానంటే తీసుకోండి, జబ్బు మాత్రం దాచకండి. దాస్తే రేపు క్లెయిము తిప్పికొడతారు.

అసలు గొడవ డాక్టరు రాసిన చీటీకీ పాట చీటీకీ మధ్య. పాట చీటీ వాయిదా తప్పితే మర్నాడే మనిషి గుమ్మంలో ఉంటాడు. మాత్ర తప్పితే ఎవరూ రారు. లూపస్‌కి ఎక్కువ మందికి రాసే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒంటికి నెమ్మదిగా పడుతుంది, నెమ్మదిగానే దిగుతుంది. అందుకే నాలుగు రోజులు మానినా ఏమీ కానట్టే ఉంటుంది. జబ్బు తిరగబెట్టి కిడ్నీల మీద పడితే మాత్రం ఆసుపత్రి బిల్లుతో ఆగదు, తోట వదిలి మీరు కాకినాడ తిరగాలి. స్టెరాయిడ్ కూడా వాడుతుంటే ఉన్నట్టుండి మానడం ఇంకా ప్రమాదం. ఆవిణ్ణి కోప్పడకండి. ఇన్నాళ్ళూ మాత్రలు వదిలారని డాక్టరుకి మాత్రం చెప్పండి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి.

ఇక లెక్క. ఏడాదికి మందులు 28,800, అంటే దింపుకి 4,800. వచ్చే నెల చీటీ పాడేసుకోండి. తగ్గింపు పోగా 40 వేలు చేతికొచ్చినా ఏడాది మందులకు సరిపోయి, రక్తం, మూత్రం, కంటి పరీక్షలకు కొంత మిగులుతుంది. పాటలో పోయేది నష్టమే, కాదనను. ఆ నష్టం నాకు ఇష్టమే. మిగతా వాయిదాలు ఎలాగూ కట్టాలి, ఇది అయ్యాక కొత్త చీటీలో చేరకండి.

అదే మందు జన ఔషధి కేంద్రంలో చవగ్గా దొరుకుతుందేమో అడగండి, మార్చేముందు డాక్టరుకి చూపించండి. ఆ 40 వేలూ ఆవిడ పేరున విడి ఖాతాలో వేయండి. వచ్చే దింపు నుంచి కాయల వ్యాపారి ఇచ్చే డబ్బులో 4,800 నేరుగా ఆ ఖాతాకే వేయమనండి, మీ చేతికి రాకముందే.