వడ్డీ రేటు రాయి మాధవీ

చి. మాధవికి,

ఆశీస్సులు. భూటాన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తూర్పున ట్రాషిగాంగ్ వైపు ఊళ్లో తాళం వేసి ఉన్న ఇంటి గురించి రాసిన పేరా బాగుంది. గోడకు కరెంటు మీటరు, వాకిట్లో కుళాయి, ఇంటి ముందు దాకా కొత్తగా తవ్విన మట్టి రోడ్డు, లోపల మాత్రం మనిషి లేడు. మీటరులో అంకె కదలడం లేదని కూడా చూశావు. చూడాల్సింది అదే. కానీ ఆ పేరాకు ముందున్న మూడు పేజీలు చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఈ ఉత్తరం వాటి గురించి.

"భారత్ పదమూడో ప్రణాళికకు పది వేల కోట్ల సాయం ప్రకటించడంతో ఈ బుల్లి దేశం సమ్మిళిత అభివృద్ధి బాటలో దూసుకుపోతోంది" అని రాశావు. పది వేల కోట్ల మాట నిజమే. 2024 మార్చిలో ప్రకటించారు. అంతకు ముందు భూటాన్ పన్నెండో పంచవర్ష ప్రణాళికకు ఇచ్చిన 4,500 కోట్లకు ఇది రెట్టింపు పైమాటే. ఏడెనిమిది లక్షల జనం ఉన్న దేశానికి చిన్న మొత్తం కాదు. ఆ వాక్యంలో మిగతాదంతా పత్రికా ప్రకటన భాష. దూసుకుపోతోందని నీకెవరు చెప్పారు? ఏ ఊళ్లో చూశావు? నువ్వు చూసిన ఇల్లు తాళం వేసి ఉంది కదా!

ప్రకటించిన అంకె రాయడం తేలిక, అది అందరికీ ఒకే రోజు అందుతుంది. ఆ డబ్బు గ్రాంటా, అప్పా? అప్పయితే వడ్డీ ఎంత, వాయిదాలు ఎప్పటి నుంచి? కట్టింది ఎవరి చేతికి వెళ్తుంది, చెడిపోతే బాగుచేసేది ఎవరు? ఇవి లేకుండా విదేశీ సాయం మీద రాసింది నా దృష్టిలో సగం రాసినట్టు కూడా కాదు. ఎప్పుడూ ఇదే పాట పాడతానని నన్ను విసుక్కునే వాళ్లున్నారు. విసుక్కోనీ.

"భారత్ సహకారంతో నిర్మించిన జలవిద్యుత్ ప్రాజెక్టులు" అని అన్నిటినీ ఒక్క మూటలో కట్టేశావు. విప్పి చూడు. వాంగ్‌ఛు నది మీద చుఖా, 336 మెగావాట్లు. 1974లో ఒప్పందం, 1986-88 మధ్య ఉత్పత్తి మొదలు. ఖర్చులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు, ఆ అప్పు మీద వడ్డీ 5 శాతం. అదే నది మీద ఇంకా దిగువన తాలా, 1,020 మెగావాట్లు. నిష్పత్తి మళ్లీ 60:40, వడ్డీ మాత్రం 9 శాతానికి పెరిగింది. పునత్సాంగ్‌ఛు-1 దగ్గరికి వచ్చేసరికి గ్రాంటు 40, అప్పు 60, వడ్డీ 10. పునత్సాంగ్‌ఛు-2కీ, మాంగ్దెఛుకూ గ్రాంటు 30కి దిగింది, అప్పు 70కి ఎక్కింది. ఇచ్చే దేశం అదే, పుచ్చుకునే దేశం అదే. ముప్పై ఏళ్లలో సాయం స్వభావమే మారిపోయింది. ఈ మార్పును పాఠకుడికి చూపించకుండా "సహకారం" అని రాస్తే వాడికి ఏం తెలుస్తుంది?

పునత్సాంగ్‌ఛు-1 దగ్గర ఇంకాస్త ఆగు. 1,200 మెగావాట్ల కేంద్రం. మొదటి అంచనా 3,500 కోట్ల పైచిలుకు. 2013 జులైలో డ్యాం కుడిగట్టున కొండ జారింది. పటిష్ఠం చేసే పని పెట్టుకున్నాక కూడా మళ్లీ కదిలింది. ఖర్చు తొమ్మిది వేల కోట్లు దాటింది. ఇలాంటి చోట వడ్డీ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి విడమరిచి చెప్పాలి. కేంద్రం కరెంటు అమ్మే దాకా రాబడి ఉండదు, కాబట్టి కట్టినన్నాళ్లూ వడ్డీ అసలులో కలుస్తూ పోతుంది. పది శాతం చక్రవడ్డీ మీద వంద రూపాయలు పదేళ్లకు 259 అవుతాయి. కొండ కదిలినందుకు కాంట్రాక్టరు నష్టపోడు, అప్పిచ్చిన వాళ్లు నష్టపోరు. ఆ భారం కరెంటు ధరలోకీ, దేశం అప్పుల పద్దులోకీ చేరుతుంది. భూటాన్ ప్రభుత్వ రుణం దేశ స్థూల ఉత్పత్తిని మించిపోయింది. అందులో పెద్ద వాటా జలవిద్యుత్‌దే.

ఇది చదివి అప్పు తీసుకోవడమే తప్పని రాసేయకు. మాంగ్దెఛు కూడా 70 శాతం అప్పుతో కట్టిందే. 720 మెగావాట్లు, 2019 ఆగస్టులో ప్రారంభించారు, యూనిట్ రూ. 4.12 చొప్పున భారత్ కొనేలా ధర కుదిరింది. కట్టుబడి ఖర్చును బట్టి ధర కట్టే పద్ధతి ఇది. పని పూర్తయి, కొనేవాడు ఖాయంగా ఉంటే 70 శాతం అప్పు కూడా తీరుతుంది. పని ఆగితే 60 శాతమే మెడకు చుట్టుకుంటుంది. తేడా ఎక్కడుందో చూపించు చాలు, తీర్పు పాఠకుడు చెప్పుకుంటాడు.

ఇంకో సంగతి నీ వ్యాసంలో పూర్తిగా లేదు. ఈ కేంద్రాలకు పెద్ద జలాశయాలు లేవు. నది పారినంత సేపే టర్బైన్ తిరుగుతుంది. వానాకాలంలో మిగులు కరెంటు మనకు అమ్ముతారు. చలికాలంలో పైన మంచు గడ్డకట్టి నది సన్నబడగానే ఉత్పత్తి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో హీటర్లు పెడతారు. అందుకని చలికాలంలో భూటాన్ మన దగ్గర కరెంటు కొంటోంది. పోనీ వానాకాలమైనా నిశ్చింతా అంటే, వరద నీటితో వచ్చే గరుకు ఇసుక టర్బైన్ రెక్కలను అరగదీస్తుంది. ఒండ్రు వడపోత గదులు పట్టలేనంత బురద వస్తే యూనిట్‌ను ఆపుకోవాల్సిందే. హిమాలయ నదుల మీద రాసేవాళ్లు నీటితో పాటు ఇసుక గురించీ రాయాలి.

ఉద్యోగాల విషయానికి వద్దాం. "ప్రాజెక్టులతో యువతకు ఉపాధి వెల్లువెత్తింది" అన్న వాక్యం కొట్టెయ్. 2022లో భూటాన్ యువతలో నిరుద్యోగం 28.6 శాతం. కేంద్రం కట్టేటప్పుడు కూలీల్లో ఎక్కువమంది భారత్ నుంచి వెళ్లారు. కట్టాక నడపడానికి కొద్దిమంది ఇంజనీర్లు, ఆపరేటర్లు చాలు. సిమెంటు, ఉక్కు, యంత్రాలు మన వైపు నుంచే వెళ్తాయి. వాళ్ల కరెన్సీ న్గుల్ట్రమ్ మన రూపాయితో సమానంగా కట్టి ఉంది, రూపాయిని మాత్రం వాళ్లు ముద్రించుకోలేరు. కట్టుబడి పనులూ అప్పులూ ఊపందుకుని దిగుమతులు పెరిగేసరికి, 2012లో అక్కడి బ్యాంకుల్లో రూపాయలకు కటకట వచ్చింది. కార్ల కొనుగోలుకూ ఇళ్ల కట్టుబడికీ అప్పులు ఆపేయాల్సి వచ్చింది. దేశం లెక్కల్లో ఎదుగుతూ ఉండగానే దుకాణదారుడి దగ్గర సరుకు తెచ్చుకోడానికి రూపాయలు లేవు. చదువుకున్న పిల్లలు ఆస్ట్రేలియా దారి ఎందుకు పట్టారో ఇక్కణ్నుంచి మొదలుపెట్టి రాస్తే నీ వ్యాసానికి వెన్నెముక వస్తుంది.

ఇవి రాస్తే సంపాదకులు ఒప్పుకోరేమోనని నీకు భయం. నాకు తెలుసు, వాళ్లకు భూటాన్ అంటే ఆనంద సూచీ, కొండ అంచున మఠం, నవ్వే పిల్లల ఫొటో. వడ్డీ ఉన్న వాక్యాన్ని కోసేసి ఆ జాగాలో ఫొటో పెద్దది చేస్తారు. పాఠకుడికి అంకెలు అరగవని వాళ్ల వాదన. బంగారం తాకట్టు పెట్టి నూటికి ఎంత వడ్డీయో వేళ్ల మీద లెక్కేసే మన పాఠకుడికి, దేశం అప్పు మీద వడ్డీ అర్థం కాదట! దశాబ్దాలుగా మన పత్రికల్లో ఈ మాట చెల్లుతోంది. నువ్వు దానికి తలవంచకు.

ఇక ఊళ్ల సంగతి. 1964లో జపాన్ నుంచి కెయిజి నిషియోకా అనే వ్యవసాయ నిపుణుడు పశ్చిమ భూటాన్‌లోని పారోకు వచ్చాడు. 1992లో చనిపోయే దాకా అక్కడే పనిచేశాడు. 1980లో రాజు ఆయనకు దాషో బిరుదు ఇచ్చాడు. నువ్వు బిరుదు గురించి రాసి, ఆయన చేసిన పని వదిలేశావు. ఆయన చిన్న మడి దగ్గర మొదలుపెట్టాడు. తర్వాత వెనకబడిన జెంగాంగ్ ప్రాంతంలో వెదురు, ప్లాస్టిక్ గొట్టాలతో చిన్నచిన్న నీటి కాలువలు వేయించాడు, ఇనుప తాళ్లతో వేలాడే వంతెనలు కట్టించాడు. వెదురు గొట్టం పగిలితే ఊరివాళ్లే ఇంకో వెదురు నరికి వేసుకుంటారు. విడిభాగం కోసం రాజధానికి ఉత్తరం రాయక్కర్లేదు. సాయాన్ని కొలవడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు తెలియదు.

ఆ కొలతతో నువ్వు చూసిన మట్టి రోడ్డును చూడు. కొండవాలును తొలిచి వేసిన రోడ్డుకు లోపలి అంచున కాలువ ఉండాలి, ఆ నీరు రోడ్డు కింద నుంచి దాటడానికి తూము ఉండాలి. తూములో ఆకులు, రాళ్లు అడ్డం పడితే నీరు రోడ్డు మీదికి ఎక్కి చక్రాల గాడులు పట్టుకుని పారుతుంది, ఒక్క వానాకాలంలో అవి కోతలవుతాయి. బయటి అంచు జారిపోయిందంటే ఇక పారలతో అయ్యే పని కాదు, యంత్రం రావాలి. తూము తీయడం పెద్ద పనేం కాదు, వానలకు ముందు ఊరంతా కలిసి పారలు పట్టుకుంటే చాలు. అక్కడ ఊరి పనికి ఇంటికొక మనిషి రావడం రివాజు. ఇళ్లు ఖాళీ అయితే ఆ మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు? తూర్పు జిల్లాల్లో గుంగ్‌టోంగ్ అని పిలిచే ఖాళీ ఇళ్లు పెరిగిన కొద్దీ రోడ్డు, కాలువ, కంచె మూడూ ఒకేసారి దెబ్బతింటాయి.

కంచె అంటే అడవి పందుల కోసం వేసే సోలార్ కరెంటు కంచె. పలక, బ్యాటరీ, సెకనుకు ఒకసారి తీగలోకి షాక్ వదిలే పెట్టె, నేలలోకి దించిన ఎర్తు కడ్డీ. వేసిన ఏడాది పంట దక్కుతుంది. తర్వాత గడ్డి పెరిగి కింది తీగను తాకగానే కరెంటు నేలలోకి దిగిపోతుంది, షాక్ బలహీనపడుతుంది, పందులు అది కనిపెట్టేస్తాయి. కాబట్టి తీగ కింద గడ్డి కోస్తూనే ఉండాలి. పక్కింటివాళ్లు వలస పోయాక వాళ్ల వైపు గడ్డి కోసేవాడు లేడు. కంచె ఒక్కచోట చచ్చినా పంట పోతుంది, పంట పోయిన ఇల్లు ఇంకొకటి తాళం వేస్తుంది. కంచెలు ఎన్ని కిలోమీటర్లు వేశారన్నది నీ వ్యాసంలో ఉంది. గడ్డి ఎవరు కోస్తున్నారో లేదు.

పల్లెలకు కరెంటు ఇవ్వడంలో ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్, ఆస్ట్రియా చాలా చేశాయి. ఫోబ్జిఖా లోయలో నల్లమెడ కొంగల కోసం తీగలను భూమిలో వేశారు. అది నీ వ్యాసంలో లేదు, చేర్చు. అంతకన్నా ముఖ్యంగా నిధుల గురించి రాయి. 1990ల మొదట్లో పర్యావరణం కోసం భూటాన్ ఒక ట్రస్టు నిధి పెట్టింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిదని చెబుతారు. దాతల డబ్బును ఖర్చు చేయకుండా అసలుగా ఉంచి, దాని రాబడితో పనులు చేయడం అందులో పద్ధతి. అదే దారిలో ఆరోగ్యానికి ఇంకో నిధి పెట్టారు, టీకాలు, తప్పనిసరిగా ఉండాల్సిన మందులు కొనడానికి. దాత వెళ్లిపోయినా టీకా ఆగకూడదన్నది ఉద్దేశం. ఇచ్చేవాళ్లు ఏదో ఒక రోజు వెళ్లిపోతారని ముందే లెక్కేసుకున్న దేశమది. ఆ తెలివి ముందు పది వేల కోట్ల వార్త నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

"ఐక్యరాజ్యసమితి భూటాన్‌ను అభివృద్ధి చెందిన దేశంగా గుర్తించింది" అన్నది తప్పు, దిద్దుకో. 1971 నుంచీ ఉన్న అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుంచి 2023 డిసెంబర్ 13న భూటాన్ బయటికి వచ్చింది. ఈ నిర్ణయానికి ఆధారమైన 2018 సమీక్షలో, మూడు కొలమానాల్లో తలసరి ఆదాయం, మానవ వనరులు అనే రెండింటిలోనే అర్హత సాధించింది. మూడోది, ఆర్థికంగా దెబ్బను తట్టుకునే శక్తి, అప్పటికి అందలేదు. ఇటు రాయితీలు తగ్గుతాయి, అటు దెబ్బ తగిలితే తట్టుకునే బలం రాకముందే బయటికి పంపాలని తేల్చారు. చెప్పాల్సింది ఇదీ.

చివరిగా నువ్వు తప్పుకుపోయిన విషయం. అందరినీ కలుపుకున్న అభివృద్ధి అని పదే పదే రాశావు. దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడే లోట్‌షాంపాల పేరు ఒక్కచోటా లేదు. 1985 పౌరసత్వ చట్టం, 1988 జనగణన తర్వాత 1990ల మొదట్లో లక్షమంది దాకా దేశం విడిచిపోవాల్సి వచ్చింది. తూర్పు నేపాల్ శిబిరాల్లో పదిహేను, ఇరవై ఏళ్లు గడిపారు. 2007 తర్వాత లక్షకు పైగా మనుషులు అమెరికా మొదలైన దేశాల్లో స్థిరపడ్డారు. ఈ ఏళ్లన్నిటా భూటాన్‌కు అభివృద్ధి సాయం వస్తూనే ఉంది. లెక్కలోంచి తీసేసిన మనుషులు తలసరి ఆదాయంలో కనబడరు. ఇది రాయడానికి మొహమాటపడే వాళ్లు భూటాన్ జోలికే పోకూడదు.

పేరు పెట్టడం, ఎక్కడికి పంపాలి, ఇంగ్లీషులో కూడా రాయాలా వగైరా తర్వాత మాట్లాడుకుందాం. ముందు రెండో ప్రతి పంపు. అందులో ఒక్కో ప్రాజెక్టు పక్కన గ్రాంటు వాటా, వడ్డీ, కేంద్రం భూటాన్ చేతికి వచ్చిన ఏడాది ఉండాలి. తాళం వేసిన ఇంటి పేరా మొదటి పేజీకి రావాలి. దాని వెంటనే ఆ ఊళ్లో ఇంకా మిగిలిన వాళ్లను పట్టుకుని, పోయిన వానాకాలంలో తూము తీయడానికి ఎంతమంది వచ్చారో అడిగి రాయి. ఫోన్‌లో అడిగినా చెబుతారు.

నీ శ్రేయోభిలాషి